కొలత పైకెళ్లింది... లెక్క ఊరికి రావాలి

షార్‌లో రాకెట్ లేచే రోజున చుట్టుపక్కల తీరంలో పడవలు ఒడ్డునే ఉంటాయి. సముద్రంలోకి వెళ్లవద్దని ముందే కబురు వస్తుంది. పట్టపుపాలెం జనం వలలు ఆరేసుకుని ఆకాశం వంక చూస్తారు. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి చిన్న రాకెట్ లేచింది మొదలు ఈ తీరానికి ఇది అలవాటే. 2022 జిల్లాల విభజనలో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరినా, ఆ మోత నెల్లూరు తీరానికి కొత్త కాలేదు.

2025 జూలై 30 సాయంత్రం అక్కడి నుంచి లేచిన నైసార్ ఉపగ్రహం సంగతి మాత్రం రైతులు, మత్స్యకారులు ప్రత్యేకంగా తెలుసుకోవలసి ఉంది. ఇస్రో, అమెరికాకు చెందిన నాసా కలిసి తయారుచేసిన ఈ ఉపగ్రహం బరువు 2,392 కిలోలు. ఇది టీవీ బొమ్మల కోసం, ఫోన్ మాటల కోసం పంపింది కాదు. నేల కుంగినా, ఉబ్బినా, పక్కకు జరిగినా కొలిచి చెప్పడం దీని ముఖ్యమైన పనుల్లో ఒకటి.

నైసార్ రేడియో తరంగాలను నేల మీదికి పంపి, తిరిగి వచ్చిన వాటిని పట్టుకుంటుంది. దానికి మబ్బు అడ్డు కాదు, చీకటీ అడ్డు కాదు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో మబ్బు పట్టి ఉంటే మామూలు ఫోటోలు తీసే ఉపగ్రహాలకు నేల కనబడదు. నైసార్‌కు కనబడుతుంది. 12 రోజులకొకసారి అదే దారిన వచ్చి, పాత లెక్కతో కొత్త లెక్క సరిచూస్తుంది. ఈలోగా నేల సెంటీమీటరు కుంగినా పట్టేస్తుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే తరంగం కాస్త ఆలస్యంగా వస్తుంది. అప్పుడు నేల కుంగకపోయినా కుంగినట్టు లెక్క తేలవచ్చు. సముద్రపు గాలి వీచే మన తీరంలో ఈ పొరపాటుకు ఆస్కారం ఎక్కువ. నాట్లు వేసిన పొలంలోనూ పైరు ఎదిగేకొద్దీ తరంగం తిరిగివచ్చే తీరు మారిపోతుంది. మిద్దెలు, వంతెనల మీద తేలిన లెక్కను నమ్మినంతగా పొలం లెక్కను నమ్మలేము. అందుకే కిందా కొలవాలి. నేలలో దిమ్మె కట్టి జీపీఎస్ పరికరం బిగిస్తే ఆ చోటు కదిలిందో లేదో తెలుస్తుంది. పైన గాలిలో తేమ ఎంతుందో కూడా అదే పరికరం లెక్కతో తేలుతుంది. ఆ తేమ లెక్క వాన సూచనకూ పనికొస్తుంది. గాలిని కొలవడంలో తిరుపతి దగ్గర గాదంకి పరిశోధనశాలకు ఎన్నో ఏళ్ల అనుభవం ఉంది.

ఇదంతా పల్లెకెందుకు అని అడగవచ్చు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వంటి తీర మండలాల్లో ఒకవైపు వరి, మరోవైపు రొయ్యల గుంటలు. రెంటికీ బోర్ల మీదే ఆధారపడే చోట్లు ఉన్నాయి. తీరంలో మంచినీటిని తోడిన కొద్దీ ఉప్పునీరు లోపలికి వస్తుంది. మెత్తటి ఒండ్రు నేలలో నీరు పోయిన చోట మట్టి అణిగి నేల కుంగవచ్చు. అలా కుంగిన నేల మళ్లీ వాన కురిసినా పూర్తిగా లేవదు. ఇండోనేషియాలోని జకార్తా నగరం కుంగడానికి భూగర్భజలం తోడేయడం ఒక ముఖ్య కారణం. మన తీరమూ అలా కుంగుతోందని మేము అనడం లేదు. కొలిచి చెప్పమంటున్నాం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానునూ, 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైళ్లు ఆగిపోయిన రోజులనూ చూసినవారికి పల్లపు ఊళ్లో జానెడు ఎత్తు విలువ ఎంతో చెప్పనక్కరలేదు.

కొలిచినంత మాత్రాన లెక్క జనానికి అందుతుందన్న నమ్మకం లేదు. ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో 2022 డిసెంబరు 27 నుంచి 2023 జనవరి 8 లోగా నేల 5.4 సెంటీమీటర్లు కుంగినట్టు హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వెల్లడించింది. ఆ తర్వాత ఆ నివేదికను వెనక్కు తీసుకున్నారు. జనం హడలిపోతారని అధికారులకు అనిపించి ఉండవచ్చు. గోడలు బీటలిచ్చిన ఇంట్లో పడుకునే మనిషి అప్పటికే హడలి ఉన్నాడు. అతనికి కావలసింది నిజం.

కుంగుతోందని తేలితే భూమి ధర పడిపోతుందని, గుంటల మీద ఆంక్షలు వస్తాయని ఇక్కడా కొందరికి భయం ఉండవచ్చు. ఆ భయం న్యాయమైనదే. కానీ ఉప్పుదేలిన పొలానికి ధర ఎలాగూ ఉండదు. ముందుగా తెలిస్తే బోర్లు తగ్గించుకోవచ్చు, కాలువ నీరు అడగవచ్చు, కరకట్ట ఎత్తు పెంచమనవచ్చు.

నైసార్ లెక్కలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చునని ముందే ప్రకటించారు. అయితే వాటిని చదివి ఊరి భాషలో చెప్పేవారు కావాలి. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఇందుకు ఒక చిన్న విభాగం పెట్టడం పెద్ద ఖర్చు కాదు. తీర మండలాల్లో నాలుగైదు చోట్ల జీపీఎస్ దిమ్మెలు కట్టాలి. భూగర్భ జలశాఖ కొలిచే నీటిమట్టాన్ని, దాంతోపాటు ఉప్పదనాన్ని ప్రతి నెలా పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించాలి. ఏ ఏడు ఎన్ని అడుగుల్లో నీరు పడిందో బోరు వేయించిన ప్రతి రైతుకూ గుర్తే. గ్రామసభలో ఆ లెక్కలూ రాసుకుంటే నేల మీద సాక్ష్యం మరింత గట్టిపడుతుంది.

దీపం కింద చీకటి అన్నట్టు కాకూడదు. రాకెట్ లేచిన ప్రతిసారీ పడవను ఒడ్డున ఆపుకున్న తీరమిది. తన కాళ్ల కింద నేల సంగతి ముందుగా తెలుసుకునే హక్కు దానికి ఉంది. ఈ విషయమై జిల్లా యంత్రాంగం, ప్రజాప్రతినిధులు వెంటనే శ్రద్ధ వహించాలి.