చేతులకు శానిటైజరా, సబ్బునీళ్లా?

శానిటైజర్ అనే మాట 2020వ సంవత్సరానికి పూర్వం మన వెలుగోడు వంటి ఊళ్లలో ఆసుపత్రి సిబ్బందికి తప్ప ఇతరులకు అంతగా పరిచయం లేదు. ఆ ఏడు కరోనా వచ్చింది. నాడు మన ఊరు కర్నూలు జిల్లాలో ఉండేది. ఏప్రిల్ నెలాఖరుకు రాష్ట్రంలో కేసులు అత్యధికంగా నమోదైన జిల్లాగా ఆ పేరు ప్రతిదినం వార్తలకెక్కింది. శానిటైజర్‌కు ఎంత గిరాకీ ఏర్పడినదంటే, 200 మిల్లీలీటర్ల సీసాను 100 రూపాయలకు మించి అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం మార్చి నెలలోనే ఉత్తర్వు చేయవలసి వచ్చింది. క్రమంగా భయం తొలగింది గాని సీసా మాత్రం నిలిచిపోయింది. కార్యాలయపు బల్లల మీద, వివాహ మండపాల ద్వారాల వద్ద అది పన్నీరు బుడ్డికి సాటియైన గౌరవం పొందుతున్నది. ఆ ద్వారం దాటి వెనుకకు పోయి చూచితే, మరుగుదొడ్డి చెంత కొళాయి ఉంటుంది, సబ్బు ఉండదు. ఈ వైపరీత్యాన్ని గురించియే మా ఈ నాలుగు మాటలు.

శానిటైజర్‌ను మేము తృణీకరించుట లేదు. విధిగా వాడినచో అది మంచి సాధనమే. దానిలో ఆల్కహాలు నూటికి 60 పాళ్లకు తగ్గరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మిశ్రమాలలో ఒకదానిలో ఇథైల్ ఆల్కహాలు 80 పాళ్లు, మరొకదానిలో ఐసోప్రొపైల్ ఆల్కహాలు 75 పాళ్లు ఉంటుంది. ఎంత చిక్కనిదైతే అంత మేలు కదా అని కొందరు తలపోయవచ్చు, అది పొరపాటు. సూక్ష్మజీవి శరీరంలోని మాంసకృత్తులను ఆల్కహాలు విరిచివేయాలంటే కొంత నీరు తోడు కావలెను. కనుకనే పూర్తిగా శుద్ధమైన ఆల్కహాలు కంటె నీరు కలిసినదే చురుకుగా పనిచేస్తుంది. మరి మనవారు వాడే తీరు ఎట్లున్నది? ఒక్క చుక్క అరచేత వేసికొని, రెండు చేతులు ఒకసారి రాసి, మిగిలిన తడిని రుమాలుకు తుడుచుకొంటారు. అది వాడినట్లు కాదు. అరచేయి నిండునంత పోసికొని, వ్రేళ్ల సందులకు, గోళ్ల మొదళ్లకు, బొటనవ్రేళ్లకు, చేతుల వెనుక భాగానికి అందేటట్లు, దానంతట అది ఆరిపోయే వరకు, అనగా 20 నుండి 30 సెకనుల పాటు రుద్దవలెను. ఆరక ముందే పొయ్యి వెలిగించుట ప్రమాదం.

అయితే దాని శక్తికి హద్దులున్నవి. చేతికి మట్టి గాని జిడ్డు గాని అంటి ఉన్నప్పుడు అది లోపలికి చొరలేదు. ఏలిక పాముల గుడ్లను అది చంపలేదు. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ మీద దాని ప్రభావం స్వల్పం. అన్నిటికంటె మన ప్రాంతానికి ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది: చేలో పురుగుమందు కొట్టి వచ్చినవాని చేతికి అంటిన విషాన్ని శానిటైజర్ తొలగించదు. మాలో చాలామంది సెలవు దినాలలో చేనికి పోయి వచ్చేవారమే. ఆ చేతికి కావలసినది చంపే మందు కాదు, కడిగివేసే నీరు. సబ్బు చేసే పని అదే. దాని అణువుకు ఒక కొస జిడ్డును పట్టుకొంటుంది, రెండవ కొస నీటిని పట్టుకొంటుంది. మురికి, క్రిమి, విషం సమస్తాన్ని పెకలించి నీటితో సాగనంపుతుంది. కరోనా వంటి క్రిముల పై పొర క్రొవ్వుతో కూడినది కాబట్టి దానిని చీల్చివేస్తుంది కూడా.

ఇది పుస్తకాలలోని వాదం మాత్రమే కాదు. కరాచీ నగరపు పేదవాడలలో జరిగిన ఒక ప్రయోగ ఫలితాలు 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడినవి. సబ్బు ఇచ్చి, చేతులు కడుగుకొనే పద్ధతి నేర్పిన ఇండ్లలో 5 ఏండ్లలోపు పిల్లలకు న్యుమోనియా సగానికి తగ్గింది. 15 ఏండ్లలోపు వారికి విరేచనాలు నూటికి 53 వంతులు తగ్గినవి. మరొక విశేషమేమనగా, క్రిమిసంహారకం కలిపిన ఖరీదైన సబ్బుకు, సాధారణమైన సబ్బుకు ఫలితంలో తేడా కనబడలేదు. మనవంటి వాడలలోనే, మనవంటి ఇండ్లలోనే తేలిన సంగతి ఇది.

మన మిత్రులలో కొందరికి మరొక సంశయం ఉన్నది. ఆల్కహాలు తాకిన చేతితో నమాజుకు నిలువవచ్చునా అని. 2020లో మసీదులు తిరిగి తెరచినప్పుడు దేశంలో కొందరు ఉలమాలు వద్దన్నారు, కొందరు దోషం లేదన్నారు. దేవాలయాలలో కొందరు అర్చకులు కూడ ఇట్లే అభ్యంతరం తెలిపినారు. 2002లో మక్కాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖ్ మండలి, క్రిములను చంపుటకు ఆల్కహాలును పై పూతగా వాడవచ్చునని తీర్మానించింది. ఫత్వా చెప్పుట మా పని కాదు. కాని మన ఉర్దూ పెద్దల నోట తరచు వినే ఒక ఫారసీ సామెత ఇక్కడ జ్ఞాపకం వస్తున్నది: "ఆబ్ ఆమద్, తయమ్ముమ్ బర్ఖాస్త్." నీరు రాగానే తయమ్ముమ్ తొలగిపోయినదని అర్థం. నీరు దొరకనివానికి మట్టితో శుద్ధి చేసికొనుటకు అనుమతి ఉన్నది; నీరు దొరికిన పిమ్మట ఆ అనుమతి చెల్లదు. బస్సులో, పరీక్షా మందిరంలో, సంతలో శానిటైజర్ మనకు తయమ్ముమ్ వంటిది. ఆసుపత్రులలో మాత్రం ఈ పోలిక పొసగదు. ఒక రోగి నుండి మరొక రోగి వద్దకు పోయే నర్సుకు, చేతికి కనిపించే మురికి లేనప్పుడు, శానిటైజరే ఉత్తమమని వైద్యుల నిర్ణయం.

వజూ ఉండగా సబ్బు ఎందుకని వాదించేవారును లేకపోలేదు. వజూ ఆరాధనకు సిద్ధపడుట. మరుగుదొడ్డి నుండి వచ్చినవాడు సబ్బుతో చేయి కడుగుకొనుట వేరు. రెండింటికి విరోధమేమున్నది? దస్తర్ఖాను పరచక ముందు చిలంచి, నీళ్ల లోటా పట్టుకొని అతిథుల చేతులు కడిగించే మర్యాద మన దావతులలో ఉండనే ఉన్నది.

సీసాను ఇంట ఉంచుకొనేవారికి ఒక హెచ్చరిక. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దుకాణాలు మూతబడియున్న దినాలలో శానిటైజర్ త్రాగి పదిమందికి పైగా మరణించినారు. అది పానీయం కాదు, విషం. పిల్లలకు అందని చోట ఉంచవలెను.

ఇక పాలకవర్గం వారికి మా మనవి. మన ఊరి ప్రక్కన దాదాపు 17 టి.ఎం.సి. నీరు పట్టే జలాశయం ఉన్నది. తెలుగుగంగ పేర ఆ నీరు మద్రాసు మహానగరపు దాహం తీర్చుటకు సాగిపోవుచున్నది. అట్టి ఊరిలో చదువుకొనేవారు చేతికి నీరు లేదని సీసా వెదకుకొనుట సబబుగా తోచదు. శానిటైజర్‌కు వ్యయమయ్యే సొమ్ములో సగమైనా సబ్బుకు మళ్లించవలెనని కోరుచున్నాము. సబ్బు పెట్టితే ఎవరో ఎత్తుకొని పోతారన్న అభ్యంతరం మాకు తెలియనిది కాదు. వల సంచిలో వేసి కొళాయికి కట్టవచ్చును. లేదా బట్టల సబ్బుపొడిని కొద్దిగా నీటిలో కలిపి, మూతకు రంధ్రం చేసిన పాత సీసాలో ఉంచవచ్చును. దానిని దొంగిలించే ఓపిక ఎవరికీ ఉండదు. ప్రతిదినం దానిని నింపే పని తరగతి ప్రతినిధులు వంతులవారీగా చేయగలరు. భోజన విరామానికి ముందు ట్యాంకు నిండి ఉండేటట్లు చూచుట, బాలికల మరుగుదొడ్డి వద్ద కొళాయి బాగుచేయించుట మా చేతిలోని పనులు కావు. అవి వారే చేయవలెను. సీసాలు మిగిలితే పరీక్షా మందిరపు గుమ్మాల వద్ద ఉంచవచ్చును. రసాయన ప్రయోగశాలలో మాత్రం, స్పిరిటు దీపాలు వెలిగే బల్లల చెంత, ఒక్కటి కూడ ఉంచరాదు.