పాలమూరు తొమ్మిది రోజులు

యుద్ధం ఆపాలనే సభలన్నీ ఒకే రకం ఫ్లెక్సీతో మొదలవుతాయి. పైన నినాదం, కింద సంఘాల పేర్ల వరస. ఇరవై పేర్లుంటే ఐక్యత, నలభై ఉంటే విశాల ఐక్యత. మావోయిస్టుల మీద సాగిన ఆపరేషన్ కగార్‌ను ఆపాలంటూ హైదరాబాద్‌లో జరిగిన రౌండ్ టేబుళ్లు చాలావరకు ఈ లెక్కలోనే నడిచాయి. సంఘాలు కలిస్తే జనం వెనకే వస్తారన్నది వక్తల నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ చితికిపోతుందో పాలమూరు అని పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా 2005 ఆగస్టులోనే చూపించింది. దాన్ని తలుచుకునేవాళ్లే లేరు.

ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును మావోయిస్టులు కాల్చి చంపారు. 17న ప్రభుత్వం మావోయిస్టు పార్టీని, దాంతోపాటు విప్లవ రచయితల సంఘం (విరసం) సహా ఏడు సంఘాలను నిషేధించింది. 24న పౌరహక్కుల సంఘం నాయకుడు, బడిపంతులు కనకాచారిని నరికి చంపారు. ఆ పని తమదేనని ‘నర్సా కోబ్రాస్’ అనే ముసుగు పేరుతో ఒక ముఠా చెప్పుకుంది.

తొమ్మిది రోజులు. ఒకటే జిల్లా.

ఈ రెండు హత్యలనూ ఒకే కరపత్రంలో, ఒకే సైజు అక్షరాలతో రాయగలిగిన సంఘాలు ఎన్ని? యుద్ధ వ్యతిరేక ఐక్యతకు అసలు పరీక్ష అది. ఒక చావును రాసి రెండోదాన్ని మింగేసేవాళ్లు వ్యతిరేకించేది యుద్ధాన్ని కాదు, యుద్ధంలో ఒక పక్షాన్ని. అందులో తప్పేమీ లేకపోవచ్చు కానీ దానికి శాంతి ఉద్యమమని పేరు పెట్టడం ఎందుకు? పాలమూరు పల్లెల్లో పగలు పోలీసులకు, రాత్రి దళానికి జవాబు చెప్పుకుని బతికిన రైతుకు ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. అతను సభకు రాకపోవడానికి చైతన్యం లేకపోవడం కారణం కాదు.

రాయగలిగినవాళ్లు ఒకప్పుడు ఉన్నారు. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో పౌరస్పందన వేదిక 1997లో మొదలైంది. రిటైరైన ఐఏఎస్ అధికారి శంకరన్, పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు, షాద్‌నగర్ దగ్గరి మొగిలిగిద్దలో పుట్టిన ప్రొఫెసర్ హరగోపాల్ వంటివాళ్లు అందులో ఉన్నారు. వాళ్లు ఎన్‌కౌంటర్లు ఆపమని ప్రభుత్వాన్ని అడిగారు, ఇన్‌ఫార్మర్ల పేరుతో చంపడం ఆపమని నక్సలైట్లనూ అడిగారు. ఇద్దరికీ కోపం తెప్పించారు. ఏడేళ్లు ఊళ్లు తిరిగాక, 2004 అక్టోబర్ 15 నుంచి 18 వరకు హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌లో ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య చర్చలు జరిగాయి. ప్రభుత్వం వైపు హోంమంత్రి జానారెడ్డి కూర్చున్నారు. నాలుగు రోజుల కోసం ఏడేళ్లు! ఇప్పటి వేదికలు ఏడేళ్ల పని వదిలేసి నాలుగు రోజుల ఫొటోను అడుగుతున్నాయి.

చర్చలు నిలవలేదన్నది నిజమే. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి, మావోయిస్టులు తప్పుకున్నారు, ఆగస్టులో ఆ తొమ్మిది రోజులు వచ్చాయి. అయినా 2004 రెండో సగంలో కాల్పులు బాగా తగ్గాయి. ఫ్లెక్సీల ఐక్యత ఆ మాత్రమైనా ఎక్కడ సాధించింది?

రాజ్యం చంపడం, తిరుగుబాటుదారులు చంపడం ఒకటి కాదని కొందరంటారు. ఒప్పుకోవాల్సిందే. రాజ్యాంగం మీద ప్రమాణం చేసినవాడి తుపాకీకి జవాబుదారీ ఎక్కువ. కానీ ఇక్కడ రెండూ సమానమని అనమని ఎవరూ అడగడం లేదు, రెండూ లెక్కలో రాయమంటున్నారు. ఈ ప్రశ్న దగ్గరే 1998లో హక్కుల ఉద్యమం చీలింది. బాలగోపాల్, ఆయన సహచరులు పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు. పాతికేళ్లు దాటినా ఆ ప్రశ్నను బల్ల మీద పెట్టకుండా ‘విభేదాలు పక్కనపెట్టి’ అని మొదలుపెడితే అది కలయిక అనిపించుకోదు, దాటవేత అనిపించుకుంటుంది.

సంఘాలు నిజంగా కలిసిన సందర్భమూ ఈ నేల మీదే ఉంది. 2019లో యురేనియం కోసం నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో బోర్లు వేస్తారనగానే ఊళ్లు లేచాయి. ఊళ్లు కదిలాక పార్టీలు, సినిమావాళ్లు వెంట వచ్చారు, సెప్టెంబర్ 16న శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అప్పుడు నల్లమల జనం ఎవరి జెండా పెద్దదని చూడలేదు. తాగే నీళ్లు పోతాయని భయపడ్డారు, ఆ భయాన్ని ఎవరూ సగం చేసి చెప్పలేదు.

ఇక ప్రభుత్వాల సంగతి. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టులను తుడిచిపెడతామని కేంద్ర హోంమంత్రి గడువు ప్రకటించారు. రోడ్డు కాంట్రాక్టుకు పెట్టినట్టు చావులకు గడువు పెట్టడం ఏ పాలన? 2005లో రాష్ట్రమూ తుపాకీ చేసిన నేరానికి రచయితల సంఘాన్ని నిషేధించింది. ఆ నిషేధం తర్వాత నిలబడనూ లేదు. దాని సిరా ఆరేలోపే జరిగిన హత్య నుంచి ఒక ఉపాధ్యాయుడిని మాత్రం ప్రభుత్వం కాపాడలేకపోయింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2001 ఫిబ్రవరిలో, నల్లగొండలో పౌరహక్కుల సంఘం జిల్లా నాయకుడు ఆజం అలీనీ ఇలాగే నరికారు. ముసుగు ముఠాలు ఎవరి నీడలో పెరిగాయో చెప్పాల్సింది శాంతి భద్రతల గురించి ఉపన్యాసాలిచ్చే వాళ్లే.

2025 ఏప్రిల్ చివర్లో శాంతి చర్చల కమిటీ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిని కలిసింది. ఆయనదీ పాలమూరే. మర్నాడు ఆయన సలహా కోసం జానారెడ్డి ఇంటికి వెళ్లారు. మంజీరా గెస్ట్‌హౌస్ గుర్తొచ్చింది సరే, నారాయణపేట కూడా గుర్తురావాలి. కమిటీకీ గుర్తురావాలి. తర్వాతి సభకు హాలు వెతికేవాళ్లు హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి కాక నారాయణపేటకు ఫోన్ చేయాలి. అక్కడి వేదిక మీద రెండు ఫొటోలు పెట్టాలి, ఒకటి నర్సిరెడ్డిది, ఒకటి కనకాచారిది. రెండింటికీ దండ వేసే సంఘాలు ఎన్ని మిగులుతాయో చూశాకే ఫ్లెక్సీ ప్రింటింగ్‌కు ఇవ్వాలి.