40 డిగ్రీల నియమము మార్చవలెను

ఈ వేసవికి మన సంఘమువారు శాఖలన్నిటికిని పంపిన సూచనలలో ఒకటి నాకు నచ్చలేదు. ఉష్ణమానము 40 డిగ్రీలు దాటిన దినమున మధ్యాహ్నము 12 గంటల నుండి 4 గంటల వరకు మగ్గము ఆపవలెననియు, ఆ దినములకు మాత్రమే సహాయనిధి నుండి విరామభత్యము ఇయ్యబడుననియు అందు వ్రాసినారు. ఉద్దేశము మంచిదే. సోలాపురములోని మావంటివారికి లాభము కూడ. మే నెలలో మాకు 40 దాటు దినములకు కొదువ లేదు. అయినను యానాం, భీవండి, బరంపురములలోని మనవారికి దీనివలన అన్యాయము జరుగుచున్నది. లాభపడువాడే ఈ మాట చెప్పినచో కొంత చెవిని పెట్టుదురని వ్రాయుచున్నాను.

నేనును ఒకప్పుడు 40 డిగ్రీల వాదినే. మా తాతగారు కరీంనగరు వైపు నుండి వచ్చి సోలాపురములో మగ్గము వేసిరి. 43 డిగ్రీల ఎండలో తలకు తువాలు చుట్టుకొని బజారుకు పోయివచ్చుట మాకు వింత కాదు. రెండేండ్ల క్రిందట మే నెలలో, అక్క కుమారుని యింట శుభకార్యమునకు యానాం పోయితిని. ఫోనులో చూడగా 36 డిగ్రీలు. "మీదీ ఒక ఎండేనా?" అని వానిని ఎగతాళి చేసితిని. వాడు నవ్వి, "మావయ్యా, ఒక్క గంట మగ్గం మీద కూర్చుని చూడండి" అన్నాడు. కూర్చుంటిని. అరమీటరు గుడ్డ నేయకముందే చొక్కా పిండితే నీరు కారునట్లయినది. చెమట కారుచున్నదే గాని ఆరుట లేదు. మరికొంతసేపటికి కళ్ళు తిరిగి, వాంతి వచ్చునట్లయి, తాడుపిడి చేతినుండి జారినది. కోడలు ఉప్పు వేసిన మజ్జిగ యిచ్చి, మెడమీద తడిగుడ్డ వేసి, విసనకఱ్ఱతో విసరినది. సాయంకాలము వరకు లేవలేకపోతిని. 43లో ఎన్నడును పడనివాడను 36లో పడితిని.

దీనికి కారణము తెలియనిదేమియు కాదు. ఒంటిలోని వేడి పోవుటకు ఎండకాలమున మనకున్న ముఖ్యమైన దారి చెమట ఆరుట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరినచో అది సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసికొనిపోవును. ఆరక నేలమీదికి కారినచో నీరు పోవును, వేడి మాత్రము ఒంటిలోనే నిలుచును. గాలిలో అప్పటికే తేమ నిండియున్నచో చెమట పోవుటకు చోటేది? అందుచేత శాస్త్రజ్ఞులు రెండు ధర్మామీటర్లు వాడుదురు. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి యుంచెదరు. గాలి పొడిగా నున్నచో ఆ తడి వేగముగా ఆరి, పాదరసము బాగుగా దిగును. తేమ ఎక్కువైనచో దిగదు. ఆ తడి లెక్కయే మన ఒంటి కష్టమునకు దగ్గర లెక్క.

సోలాపురములో 43 డిగ్రీలుండి గాలిలో తేమ నూటికి 20 పాళ్ళున్నచో తడి లెక్క సుమారు 25 డిగ్రీలు. యానాంలో 36 డిగ్రీలుండి తేమ 65 పాళ్ళున్నచో అది 30 డిగ్రీలు. చూచితిరా? పొడి లెక్కలో మేము ఏడు డిగ్రీలు ఎక్కువ; తడి లెక్కలో యానాం మాకంటె ఐదు డిగ్రీలు ఎక్కువ. 2022లో అమెరికాలో ప్రకటించిన ప్రయోగములలో, ఆరోగ్యవంతులైన యువకులకు సైతము తేమగాలిలో తడి లెక్క 31 డిగ్రీల దరిదాపులకు వచ్చుసరికి ఒంటివేడి అదుపు తప్పుట కనబడినది. అరువదేండ్ల నేతగాని మాట వేరుగా చెప్పవలెనా?

రాత్రుల సంగతి కూడ చూడవలెను. మాకు మే నెలలో పగటి వేడికి, తెల్లవారుజామునకు సుమారు 15 డిగ్రీల తేడా యుండును. డాబామీద పండుకొన్నచో నిద్ర పట్టును. గోదావరి సముద్రతీరమున ఆ తేడా తొమ్మిది, పది డిగ్రీలే. నిద్రలేని మనిషి మరునాడు మగ్గమెక్కుచున్నాడు.

అట్లని మా పొడి ఎండ మేలని అనుట లేదు. అది వేరొక విధముగా మోసము చేయును. చెమట పట్టుచునే ఆరిపోవును గనుక ఎంత నీరు పోయినదో తెలియదు. చొక్కామీద తెల్లని ఉప్పు చారలు చూచి తెలిసికొనవలసినదే. వడగాడ్పు దెబ్బ మాకు తెలియును. 2015 వేసవిలో ఆంధ్ర, తెలంగాణములలో కలిపి వేయిమందికి పైగా జనులు పోయిరి. 1998లో ఒక్క ఒడిశాలోనే ప్రభుత్వ లెక్క ప్రకారము 2,042 మంది మరణించిరి. పిమ్మట ఆ రాష్ట్రమున వేసవిలో పగలు 11 గంటల నుండి బయటి పనులు ఆపించు పద్ధతి వచ్చినది. అదియును బయట పని చేయువారికే. ఇంటిలో గుంటమగ్గము మీద నున్న బరంపురపు పట్టు నేతగాడు నీడపట్టున నున్నట్లే లెక్క!

ఇక అసలు చిక్కు మన వృత్తిలోనే యున్నది. నూలుపోగుకు తేమ కావలెను. తేమ తగిలిన నూలు బలపడును, ఎండినచో పెళుసై తెగును. అందుకే పెద్దలు గుంట త్రవ్వి, పడుగును నేలకు దగ్గరగా పరచిరి. అందుకే మేము గోనెపట్టాలు తడిపి కట్టి, నేలమీద నీళ్ళు చల్లి, పంకా ఆపి, తలుపులు మూసికొని నేయుచున్నాము. రేకుల కప్పు నుండి దిగు వేడియు, మోటార్ల వేడియు దానికి తోడైనచో, మేమే మా షెడ్డులో యానాం ఉక్కను తయారు చేసికొన్నట్లు. పోగు సుఖపడును. మనిషి మాట ఎవరును అడుగరు. పట్టు, రేయాను సంగతి మరియు విచిత్రము; అవి తడిసినచో బలము తగ్గును. కాంచీపురములో పట్టుమీద చెమట బొట్టు పడి మచ్చ అయినచో నష్టము నేతగానిదే. నాకును చిన్నతనమున ఒక చీరకు అట్లే కూలి కోసిరి. ఎవరు కోసిరో ఇప్పుడు అనవసరము.

భీవండిలో పవర్‌లూములు నడుపు మన పిల్లల గతి ఇంకను కష్టము. బొంబాయి సముద్రపు తేమ, రేకుల షెడ్డు, గాలిలో దూది. అక్కడ పాదరసము 40 దాటు దినములు అరుదు. కాబట్టి మన నియమము ప్రకారము వారికి విరామమును అరుదే.

వాతావరణ శాఖవారు సైతము ఒకే కొలత పెట్టలేదు. మైదానములలో 40 డిగ్రీలైనను చేరనిదే వడగాడ్పు మాట ఎత్తరు. సముద్రతీరములో 37 చేరినను, మామూలుకంటె 4.5 డిగ్రీలు పెరిగినచో ఎత్తుదురు. నేతవారి చరిత్ర చూచినను ఇది క్రొత్త కోరిక కాదు. లాంకషైరు నేతశాలలలో పోగు తెగకుండ ఆవిరి పట్టించెడివారు. కార్మికులు మొరపెట్టగా 1889లో ఇంగ్లండు పార్లమెంటు చట్టము చేసి, ఎంత వేడికి ఎంత తేమ మించరాదో పట్టిక కట్టి, తడి, పొడి ధర్మామీటర్లు షెడ్డులో ఉంచవలెనని శాసించినది. మన దేశములో 1948 ఫ్యాక్టరీల చట్టపు 15వ సెక్షనులో కృత్రిమముగా తేమ పెంచుటను గూర్చి నియమములు చేయు అధికారము ప్రభుత్వములకు ఇయ్యబడినది. అది ఫ్యాక్టరీల మాట. ఇంటి మగ్గమునకు సంఘము తప్ప దిక్కు లేదు.

నా కోరిక ఇది. ప్రతి శాఖా కార్యాలయమున రెండు సాధారణ ధర్మామీటర్లు నీడలో, గాలి తగులు చోట వ్రేలాడదీయవలెను. ఒకదాని బుడ్డికి గంజి లేని పలుచని నూలుగుడ్డ చుట్టి, కొసను నీటి గిన్నెలో ఉంచవలెను. గుడ్డ మనకు కొదువా? కొంచెము విసరి, నిలిచిన అంకె చూడవలెను. మధ్యాహ్నము 12 గంటలకు పొడి లెక్క 40 దాటినను, తడి లెక్క 28 దాటినను విరామమే, భత్యమే. 28 అను అంకె నా అంచనా. వైద్యులు 27 అన్నచో 27 పెట్టుడు. ఖర్చు పెరుగుననుట నిజము. తీరపు శాఖలకు మే నెల అంతయు విరామము వచ్చునేమోనని కోశాధికారిగారు జంకుచున్నారు. అట్లయినచో నేత వేళలు మార్చుకొని, తెల్లవారుజామున 4 నుండి 10 వరకు నేసి, భత్యము సగము చేయవచ్చును. సోలాపురపు వాటా నుండి కొంత తగ్గించినను మేము అడ్డు చెప్పము. మా శాఖలో ఈ మాట అడిగియే వ్రాయుచున్నాను.

పంకాను గూర్చి ఒక్క మాట. తీరప్రాంతమున 36 డిగ్రీలలో పంకా గాలి మేలు చేయును. పడుగుమీదికి గాక, వెనుకనుండి వీపుకు తగులునట్లు క్రింద పెట్టుకొన్నచో పోగు చెదరదు. మా వైపు 43లో అదే గాలి కొలిమి గాలి.

యానాం నుండి మేనల్లుడు మే 1 నుండి రెండు అంకెలును వ్రాసి పంపుటకు ఒప్పుకొన్నాడు. నేను సోలాపురమువి వ్రాయుదును. భీవండి, బరంపురము, కాంచీపురము శాఖలలో ఎవరైన ఒకరు పూనుకొన్నచో, జూన్ మహాసభ నాటికి అయిదు ఊళ్ళ లెక్కలు ఒకే కాగితము మీద చేరును.