చప్పట్లు సరే, నీటి మాటేమిటి?

గోలకొండకు వెళ్ళినవారందరూ ఫతే దర్వాజా వద్ద చప్పట్లు చరచి, ఆ ధ్వని కొండకొమ్మున ఉన్న బాలా హిస్సారు దాకా వినిపించినందుకు అచ్చెరువొంది తిరిగి వస్తారు. ఉపాధ్యాయునిగా నేనూ ఏళ్ళ తరబడి పిల్లలకు ఆ వేడుకనే చూపించాను. అది నా లోపమేనని ఇప్పుడు తోస్తున్నది.

మిత్రులారా, ధ్వని శత్రువు రాకను తెలుపుతుంది. ప్రాణం నిలిపేది నీరు. సుమారు 120 మీటర్ల గ్రానైటు గుట్టపైకి కుతుబ్ షాహీల కాలపు స్థపతులు నీటిని ఎక్కించిన తీరే అసలైన విద్య. అంచెలంచెలుగా తొట్లు కట్టి, కుండలు కట్టిన చక్రాలతో ఒక తొట్టినుండి పై తొట్టికి తోడారు. కాల్చిన మట్టి గొట్టాలను గోడలలో పొదిగి అంతఃపురాలకూ తోటలకూ పంచారు.

1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు ముట్టడించినా కోటను బలంతో గెలువలేకపోయింది. లోపలివాడే తలుపు తీయవలసి వచ్చింది. నీరు లేని కోట అన్నాళ్ళు నిలుచునా?

ఆ గొట్టాల ముక్కలు నేటికీ గోడలలో కనిపిస్తాయి. మీ పిల్లలచేత చప్పట్లు కొట్టించండి, తప్పులేదు. పిదప ఆ గొట్టాల వద్ద ఆగి, ఈ నీరు పైకి ఎట్లా ఎక్కిందో చెప్పమనండి. నేను అడగవలసి ఉండీ అడగని ప్రశ్న అది.