ఒకటో తారీఖు తర్వాత

ఒకటో తారీఖు పొద్దున్నే నంద్యాల, ఆళ్లగడ్డ వీధుల్లో అవ్వాతాతలు గడప దాటరు. సచివాలయ ఉద్యోగి వచ్చి, వేలిముద్ర వేయించుకుని 4,000 రూపాయల పింఛను చేతిలో పెడతారు. 2020 ఫిబ్రవరిలో ఇంటింటి పింఛను మొదలైనప్పుడు ఆ పని వలంటీర్లది. యాభై ఇళ్లకొకరు, నెలకు 5,000 గౌరవ వేతనం. 2024 ఎన్నికల వేళ వాళ్లను పక్కన పెట్టారు. ఆ ఏప్రిల్, మే ఎండల్లో సచివాలయాల ముందు, బ్యాంకుల ముందు ముసలివాళ్లు పడిన అవస్థ రాష్ట్రమంతా చూసింది. వలంటీర్ల వ్యవస్థ మంచిచెడ్డల మీద వాదన ఇంకా తెగలేదు, ఇక్కడ వద్దు.

మా మాట వేరు. డబ్బు అందింది సరే, మిగతా రోజులు? పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పెద్దాసుపత్రికి తోడెళ్లే మనిషి ఉండరు. మందుల చీటీ చదివిపెట్టేవాళ్లు, బ్యాంకుకు వెంట వెళ్లేవాళ్లు, చెప్పిన సంగతే మళ్లీ చెబుతుంటే ఓపిగ్గా వినేవాళ్లు (అసలు కష్టం ఇదే!) కావాలి. దీనికి జీవో అక్కర్లేదు. డిగ్రీ పిల్లలూ, రిటైరైన మాస్టార్లూ, వారానికో గంట మీ వీధిలో ఒక్క ఇంటికి ఇవ్వండి. మీ వల్ల కాని సమస్యైతే వయోవృద్ధుల ఉచిత హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.