సాక్షి నిందితుడు కాడు

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులుగా విడుదలయ్యారు. ఆ కేసులో పదుల కొద్దీ సాక్షులు మాట మార్చారు. అప్పుడు ఆక్రోశించిన మనమే, ఈ నెల్లూరు తీరంలో మన బిడ్డకు సమన్లు వస్తే 'మనకెందుకీ గొడవ' అంటున్నాం. ఇదేం న్యాయం?

బిడ్డలకు చెప్పవలసింది వేరు. సాక్షి బోనెక్కినంత మాత్రాన నిందితుడు కాడు. పోలీసులు నమోదు చేసుకొన్న వాంగ్మూలంపై సాక్షి సంతకం అడగరాదు. పదిహేనేళ్లలోపు బాలుడినీ, స్త్రీలనూ స్టేషనుకు రమ్మనరాదు; వారున్న చోటికే వచ్చి విచారించాలి. తెలియనిదానికి 'తెలియదు' అనడం తప్పు కాదు. బెదిరింపులుంటే, సుప్రీంకోర్టు 2018లో ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతనున్న కమిటీని ఆశ్రయించవచ్చు.

ఇవి చెప్పడం ప్రభుత్వ బాధ్యత. అది చెప్పేదాకా జమాత్ పెద్దలు మౌనంగా ఉండరాదు. సాక్ష్యాన్ని దాచవద్దన్న ఖుర్ఆన్‌ను చదివే మనం, బిడ్డల నోరు మూయించడం తగదు.