‘కాస్త దుమ్మే’ అంటే కుదరదు!

‘‘మా క్రషర్‌లో చేసింది ఏడాదేనండీ. అంతకుముందు ఎక్కడెక్కడ దుమ్ము పీల్చాడో!’’ కార్మికుడికి సిలికోసిస్ అని తేలగానే యజమాని చెప్పే మాట ఇది. అంతకుముందు పనిచేయించుకున్న యజమానిని అడిగినా ఇదే జవాబు. చివరికి ఆయాసమూ, అప్పులూ కార్మికుడికే మిగులుతాయి.

రాయిని పగలగొట్టినా, కోసినా, తొలిచినా సన్నని సిలికా ధూళి రేగుతుంది. అది ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరి మచ్చలు కట్టిస్తుంది. ఈ జబ్బును వెనక్కి మళ్లించే మందు లేదు. ఏ క్వారీ దుమ్ము ఎంత చెరుపు చేసిందో ఏ ఎక్స్‌రే చెప్పలేదు. కానీ పీల్చిన దుమ్మంతా ఒకే లెక్కలో చేరుతుంది.

ఈ చిక్కుముడి 1956లో బ్రిటన్‌లోని హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకొచ్చింది. స్కాట్లండ్‌లోని ఒక ఉక్కు పోత కర్మాగారంలో పనిచేసిన కార్మికుడి కేసు అది. అతడు పీల్చిన దుమ్ములో ఎక్కువ భాగం గాలి సుత్తి నుంచి వచ్చింది. దాన్ని అడ్డుకునే ఏర్పాటు అప్పట్లో లేదు కాబట్టి అది కంపెనీ తప్పు కాదు. కొంత దుమ్ము మాత్రం గ్రైండర్లది. వాటి దుమ్ము లాగే గొట్టాలు మూసుకుపోయినా కంపెనీ పట్టించుకోలేదు. ఆ వాటా చిన్నదే అయినా తీసిపారేసేంత చిన్నది కాదని, కంపెనీ బాధ్యత వహించాల్సిందేనని తీర్పొచ్చింది.

మన దగ్గరా 2025 వరకు అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టంలో, సిలికోసిస్ లాంటి జబ్బుల విషయంలో, పనిచేయించుకున్న యజమానులందరికీ బాధ్యత పెట్టారు. ఎవరి వాటా ఎంతో కమిషనర్ తేల్చేవారు.

మరి పరిహారం ఎందుకు అందదు? తప్పు కొంత మా వైద్యులదీ ఉంది. ఓపీ రద్దీలో దగ్గు, ఆయాసం చూసి టీబీ అని రాసేస్తాం. ‘ఏం పని చేస్తావు?’ అని అడగం. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ ముప్పు ఎక్కువ, రెండూ కలిసే ఉండొచ్చు. ఫ్యాక్టరీ కార్మికుడిలో ఈ జబ్బు గుర్తిస్తే ప్రభుత్వానికి తెలియజేయడం వైద్యుడి చట్టబద్ధమైన బాధ్యత కూడా.

మీరు గానీ, మీ ఇంట్లోవాళ్లు గానీ రాతి పనిలో ఉంటే ఎక్కడ, ఎన్నేళ్లు, ఏ పని చేశారో ఒక కాగితం మీద రాసుకోండి. కూలి చీటీలు, గుర్తింపు కార్డులు, పాత ఎక్స్‌రేలు పారేయొద్దు. డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పి, ఓపీ చీటీ మీద రాయించుకోండి. రేపు మీ పక్షాన మాట్లాడేది ఆ ఒక్క వాక్యమే కావచ్చు.

యజమానులకూ ఒక మాట. రాయి మీద నీళ్లు చల్లే ఏర్పాటు, దుమ్ము లాగే యంత్రం ముందు. మాస్కు ఆ తర్వాతే.